పది నెలల పాపకు ఒక్క మెతుకు తగిలినా డోకు, ఇంకా ఎన్నాళ్ళు మిక్సీలో తిప్పాలి?

జడ్చర్ల_చిన్ని

మా పాపకు మొన్ననే పది నెలలు నిండాయి. ఆరో నెల దాటాక ఉగ్గు, రాగి జావ, మిక్సీలో మెత్తగా తిప్పిన పప్పన్నం మొదలుపెట్టాం. మెత్తగా ఉంటే గిన్నె ఖాళీ చేస్తుంది. అందులో ఒక్క అన్నం మెతుకు తగిలితే చాలు, డోకు వచ్చి, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, అంతకుముందు తిన్నది కూడా కక్కేస్తుంది. మొన్న ఆదివారం చిన్న ఇడ్లీ ముక్క ఇస్తే మొహం ఎర్రగా కందిపోయింది, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అత్తమ్మ "పళ్ళు రాని పిల్లకు ముక్కలెందుకే, మిక్సీ ఉంది కదా, ఏడాది దాటాక చూద్దాం" అంటోంది. మా ఆయన ఎటూ మాట్లాడడు. పక్కింటి బాబుకు తొమ్మిది నెలలే, జొన్నరొట్టె అంచు పట్టుకుని చప్పరిస్తూ గంటసేపు కూర్చుంటాడు. వాణ్ణి చూసినప్పుడల్లా మా పిల్ల గొంతులో ఏమైనా లోపం ఉందేమో అని భయం. ఇంకా ఆగాలా, ఇప్పుడే అలవాటు చేయాలా? రాత్రుళ్ళు ఇదే టెన్షన్, నిద్ర పట్టడం లేదు.

బత్తాయితోట

మా పెద్దోడు అచ్చం ఇంతే. డోకు వస్తోందని భయపడి ఏడాదిన్నర దాకా మిక్సీలో తిప్పే పెట్టాను. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు. అన్నంలో బీన్స్ ముక్క కనిపిస్తే ఏరి పక్కన పెడతాడు, మటన్ ముక్క ఇస్తే నమిలి నమిలి బుగ్గలో దాచుకుని అరగంట తర్వాత ఉమ్మేస్తాడు. చిన్నదానికి ఆ తప్పు చేయలేదు, ఏడో నెల నుంచే చేత్తో మెదిపి పెట్టాను. ఆగకు చెల్లీ.

గద్వాల_కోడలు

పళ్ళు లేకపోతే నమలలేరు అనేది తప్పు. మా బాబు చిగుళ్ళతో నా వేలు కొరికితే కేక పెట్టాను. ఆ చిగుళ్ళకు మెత్తటి ముక్క ఒక లెక్కా!

దేవరకొండ_నాయనమ్మ

నేను నలుగురు పిల్లల్ని, ఆరుగురు మనవల్ని పెంచాను. కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో పోసేదాన్ని. ఏడ్చినా సరే గిన్నెడూ లోపలికి పోయేది. అందరూ రాళ్ళలాగ ఉన్నారు. ఇప్పుడు పిల్లకు ఒక్క డోకు వస్తే డాక్టరు దగ్గరికి పరుగు. మీ అత్తమ్మ చెప్పినట్టు కొన్నాళ్ళు మెత్తగానే పెట్టమ్మా, పిల్ల కడుపు నిండటం ముఖ్యం.

సిస్టర్_సూర్యాపేట

నాయనమ్మా, మీరు పెంచిన పిల్లలు బాగున్నారు, సంతోషం. కానీ పడుకోబెట్టి, ఏడుస్తుంటే పోయడం మాత్రం వద్దని చేతులెత్తి మొక్కి చెబుతాను. పన్నెండేళ్ళుగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. ఏడ్చే పిల్ల మధ్యమధ్యలో గట్టిగా ఊపిరి లోపలికి లాగుతుంది. అదే క్షణంలో నోట్లో జావ ఉంటే అది అన్నవాహికలోకి కాకుండా గాలిగొట్టంలోకి పోతుంది. ఆ తర్వాత జ్వరం, ఎగశ్వాస, మనం "నెమ్ము చేసింది" అంటాం కదా, అదే. నూనె అయితే మరీ ప్రమాదం. మలబద్ధకమని ఆముదం పోయడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం ఇంకా చాలా ఊళ్ళల్లో ఉంది. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు కూడా సరిగా రాదు, చప్పుడు లేకుండా లోపలే ఉండిపోయి వాపు తెస్తుంది.

ఉగ్గుగిన్నె మంచిదే, సీసా కంటే వెయ్యి రెట్లు మేలు. పిల్లను కాస్త లేపి పట్టుకుని, పెదవికి ఆనించి, గుటక వేసేదాకా ఆగుతూ తాపాలి. గిన్నెలో తప్పు లేదు, పడుకోబెట్టడంలోనే ఉంది.

దేవరకొండ_నాయనమ్మ

ఆముదం మాట నిజమేనమ్మా. మా ఊళ్ళో ఒక పిల్లకు అట్లనే అయింది. కాళ్ళ మీద పోయడం గురించి నాకు ఎవరూ చెప్పలేదు.

వనపర్తి_నాన్న

డోకు చూసి భయపడేవాళ్ళు అసలు భయపడాల్సింది ఏమిటో నేను చెబుతా. మా ఇంటి ముందు పల్లీలు ఆరబోసి ఉన్నాయి. బాబుకు అప్పుడు ఏడాదిన్నర, గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుని పరిగెత్తాడు, పడ్డాడు, దగ్గాడు. రెండు నిమిషాల్లో మామూలైపోయాడు, మేం మర్చిపోయాం. రెండు రోజుల తర్వాత ఊపిరి తీస్తుంటే పిల్లికూతలా చప్పుడు. దగ్గర్లో చూపిస్తే ఆస్తమా అన్నారు, వారం రోజులు నెబ్యులైజర్ పెట్టారు. తగ్గలేదు. హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి డాక్టరు మొదటి ప్రశ్నే "ఏమైనా మింగాడా, తింటూ దగ్గాడా" అని. అప్పుడు గుర్తొచ్చింది. మత్తు ఇచ్చి, గొట్టం వేసి, కుడి ఊపిరితిత్తి వైపు నుంచి అర పల్లీ గింజ బయటకు తీశారు. ఆ గింజను ఒక సీసాలో వేసి నా చేతికిచ్చారు. ఇప్పటికీ పారేయలేదు.

మన పాలమూరు వైపు పల్లీ లేని ఇల్లు లేదు. దయచేసి నాలుగేళ్ళు దాటేదాకా పల్లీ గింజ గింజగా ఇవ్వకండి. మెత్తగా నూరి జావలో కలిపి పెట్టుకోండి.

గద్వాల_కోడలు

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది అన్నా. బాబు ఇప్పుడు బాగున్నాడా?

వనపర్తి_నాన్న

బాగున్నాడమ్మా. రెండో తరగతి.

మాట_ముద్ద

నేను స్పీచ్ థెరపిస్టును. మాటతో పాటు నమలడం, మింగడం కూడా మా పనే, చాలామందికి ఈ సంగతి తెలియదు. చిన్నీ, నువ్వు రాసినదాంట్లో డోకు ఉంది, ఊపిరాడకపోవడం లేదు. ఈ రెండూ వేరు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

పిల్లలు మింగడం పుట్టాక మొదలుపెట్టరు. కడుపులో ఉండగానే, నాలుగో నెల వచ్చేసరికి, ఉమ్మనీటిని గుటకలు వేస్తుంటారు. కానీ చీకడం, మింగడం, ఊపిరి తీయడం, ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం రాకుండా వరసలో పడటం గర్భంలో దాదాపు 34 వారాలు వస్తే గానీ కుదరదు. పుట్టిన బిడ్డ పాలు తాగేటప్పుడు గమనించండి, సుమారు సెకనుకు ఒకసారి చీకుతుంది, గుటక పడ్డప్పుడు ఊపిరి క్షణం ఆగుతుంది, మళ్ళీ తీస్తుంది. పాలు రాకుండా ఊరికే చప్పరిస్తే ఆ వేగం రెట్టింపు ఉంటుంది. రొమ్ము పట్టుకుని చకచకా చీకుతూ ఉంది, గుటక చప్పుడు మాత్రం లేదంటే పాలు ఇంకా దిగలేదని మనకు తెలిసేది ఇలాగే.

మొదటి నెలల్లో చాలావరకు అసంకల్పితంగా జరిగిపోతుంది. చెంప మీద వేలు ఆనిస్తే అటు తిరిగి నోరు తెరుస్తుంది. నాలుక మీద గట్టిది ఏది పెట్టినా బయటకు తోసేస్తుంది. మూడో నెలలోనే ఉగ్గు పెట్టి "ఉమ్మేస్తోంది, రుచి నచ్చలేదు" అంటుంటారు. రుచితో పని లేదు, నాలుక తోసేస్తోంది, ఎందుకంటే ఆ వయసుకు పాలు తప్ప ఇంకేదీ లోపలికి పోకూడదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఆ తోయడం తగ్గిపోతుంది. మెడ నిలబడుతుంది, ఆసరాతో కూర్చుంటుంది, మనం తింటుంటే చెయ్యి చాపుతుంది. అన్నప్రాసన ఆరో నెలలో చేసుకోవడంలో మన పెద్దవాళ్ళ అనుభవం ఉంది.

ఇక డోకు. పెద్దవాళ్ళకు కొండనాలుక దాకా వేలు పెడితే గానీ డోకు రాదు. పసిపిల్లకు నాలుక మధ్యలో ముట్టుకున్నా వస్తుంది. అది ఆమెకు కాపలా. పెద్ద ముక్క వెనక్కి పోకముందే ముందుకు తోసేస్తుంది. పిల్ల తన వేళ్ళు, గిలక్కాయ, గుడ్డ బొమ్మ నోట్లో పెట్టుకుని ఆడుతూ ఉంటే నెలనెలా ఆ చోటు వెనక్కి జరుగుతూ వస్తుంది. నోట్లో మెత్తటి జావ తప్ప ఏదీ తగలకపోతే జరగదు. అందుకే మిక్సీలోనే తిప్పుతూ పోతే డోకు తగ్గదు. తొమ్మిది పది నెలల దాకా కూడా గరుకు తగలని పిల్లల్లో తర్వాత తిండి పేచీలు ఎక్కువ అని మేం పనిలో రోజూ చూస్తాం, బత్తాయితోట గారి పెద్దబ్బాయిలాగ.

నమలడం కూడా ఒక్కరోజులో రాదు. ఆరేడు నెలలకు దవడ కిందికీ పైకీ మాత్రమే ఆడుతుంది. తర్వాత నాలుక పక్కకు తిరిగి ముక్కను చిగుళ్ళ కిందికి నెట్టడం నేర్చుకుంటుంది. మనలాగ దవడను గుండ్రంగా తిప్పి నమలడం ఏడాది దగ్గర మొదలై రెండేళ్ళు దాటాక గానీ గట్టిపడదు.

నాలుగు ప్రశ్నలు. పాప నెలలు నిండి పుట్టిందా? ఆసరా లేకుండా కూర్చుంటుందా? బొమ్మలు నోట్లో పెట్టుకుంటుందా? పాలు తాగేటప్పుడు దగ్గు గానీ, తాగాక గొంతులో గురగుర గానీ ఉందా?

జడ్చర్ల_చిన్ని

మీరు అడిగాక నాకు చెమటలు పట్టాయి, ఎందుకంటే మొదట రాయాల్సింది రాయలేదు. పాప 33 వారాలకే పుట్టింది, కిలోన్నర. పద్దెనిమిది రోజులు పసిపిల్లల వార్డులో ఉంది. మొదటి పన్నెండు రోజులు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. తర్వాత ఉగ్గుగిన్నెతో, ఆ తర్వాత నా దగ్గరే. ఇప్పుడు ఆసరా లేకుండా బాగా కూర్చుంటుంది, దోగాడుతోంది. పాలు తాగేటప్పుడు దగ్గు లేదు, గురగుర లేదు. బొమ్మలు మాత్రం... నోట్లో పెట్టుకోబోతే మురికి అని మేమే లాగేస్తాం. గొట్టం వేసిన పిల్ల కదా, ఏ ఇన్ఫెక్షన్ వస్తుందో అని నాకే భయం ఎక్కువ.

మిర్యాలగూడ_32వారాలు

నా పేరే చూడు అక్కా, మాది 32 వారాల బాబు. ఆ గొట్టం రోజులు తల్లికి మాత్రమే తెలుసు. మా వార్డులో గొట్టంతో పాలు పోసేటప్పుడు బాబును నా ఛాతీ మీద పెట్టుకుని, పాలు పిండేసిన రొమ్మును చప్పరించనిమ్మన్నారు. పాలు రాకపోయినా చప్పరించడం అలవాటైతే నోటికీ కడుపుకూ లంకె కుదురుతుందన్నారు. అట్లా తొమ్మిది రోజులు. గొట్టం తీసిన రోజు వాడు గుటక వేసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇంకోటి, నీ పాపకు పది నెలలు అనుకోకు. ఏడు వారాలు ముందు పుట్టింది కదా, అవి తీసెయ్యి. ఎనిమిదిన్నర నెలల పిల్ల అనుకుని చూడు, పక్కింటి బాబుతో పోలిక పోతుంది.

మాట_ముద్ద

32వారాలు గారు నేను రాయబోయేది రాసేశారు. నెలలు నిండక పుట్టిన పిల్లలకు రెండేళ్ళ దాకా అలాగే లెక్క వేస్తాం. చిన్నీ, ఆ లెక్కన నీ పాప మరీ వెనకబడి లేదు. పైగా గొట్టం వేసిన నోరు ముట్టుకుంటే ముడుచుకునే నోరు. గొట్టం, ప్లాస్టరు, సక్షన్ (నోట్లోంచి కఫం లాగే గొట్టం), దాని మొదటి జ్ఞాపకాలన్నీ అవే. కాబట్టి తొందర వద్దు, అలాగని మానేయనూ వద్దు.

ఈ రోజు నుంచే బొమ్మలు లాగేయడం ఆపండి. వేడినీళ్ళతో కడిగిన రబ్బరు బొమ్మ, శుభ్రమైన చెంచా, నీ కడిగిన వేలు, ఏదైనా సరే, తనంతట తాను నోట్లో పెట్టుకోవాలి. అన్నం విషయంలో ఒక్కసారిగా మెతుకులకు పోవద్దు. ఇప్పుడు పెట్టేది కొంచెం చిక్కగా, చెంచా వంచినా జారకుండా నిలబడేలా చెయ్యి. నాలుగైదు రోజులు అది బాగా తింటే మిక్సీని పూర్తిగా తిప్పకుండా ఒక్క చుట్టు తక్కువ తిప్పు, సన్న రవ్వలా తగులుతుంది. ఆ తర్వాత మిక్సీ పక్కన పెట్టి గరిటెతో మెదుపు. ఒక్కో మెట్టుకు వారం పట్టినా పర్వాలేదు.

చాలా ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఒకటుంది. పల్చటి పప్పుచారులో మెతుకులు తేలుతూ పెడతారు, "మెత్తగానే ఉంది కదా" అని. పసినోటికి అన్నిటికంటే కష్టం అదే. నీళ్ళు ముందే గొంతులోకి జారిపోతాయి, మెతుకు నాలుక మీద మిగిలిపోతుంది, ఒకే నోట్లో రెండు పనులు. అంతా చిక్కగా ఉన్నా సరే, అంతా ముద్దగా ఉన్నా సరే, ఆ రెండూ కలిసింది చివరికి పెట్టుకో.

గద్వాల_కోడలు

ఇంత తతంగం ఎందుకు, చెంచా పక్కన పడేసి ముక్కలు ముందు పెట్టండి, వాళ్ళే తింటారు. మా బాబు ఆరో నెల నుంచి ఉడికించిన క్యారెట్, కందగడ్డ (చిలగడదుంప), అరటిపండు అన్నీ చేత్తోనే. ఒక్కసారి కూడా ఉగ్గు పెట్టలేదు. పిల్లలకు అన్నీ తెలుసు.

సిస్టర్_సూర్యాపేట

చేత్తో తిననివ్వడం చాలా మంచిది, ఒప్పుకుంటా. "చెంచా వద్దే వద్దు" అనడం మాత్రం అందరికీ సరిపోదు. ఆరు నెలల తర్వాత తల్లిపాలల్లో ఉన్న ఇనుము పిల్లకు చాలదు, నెలలు నిండని పిల్లకైతే పుట్టుకతోనే నిల్వ తక్కువ. క్యారెట్ ముక్క చప్పరించి సగం కింద పడేస్తే ఆ లోటు ఎక్కడ తీరుతుంది? మెదిపిన గుడ్డు, ఉడికించి నూరిన కార్జం, పప్పు, ఆకుకూర చెంచాతో పెట్టండి, పక్కన ఒక ముక్క చేతికివ్వండి. రెండూ ఉండనివ్వండి.

గద్వాల_కోడలు

మా బాబు నెలలు నిండి మూడుంపావు కిలోలతో పుట్టాడు, చిన్ని పాపతో పోల్చి మాట్లాడకూడదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కార్జం అంటే గుర్తొచ్చింది, మా అత్తమ్మ అది ఎనిమిదో నెలలోనే పెట్టించింది, వాడికి ప్రాణం.

టీచరమ్మ_నాగర్‌కర్నూల్

చిక్కదనం గురించి పైన చెప్పింది మా అంగన్‌వాడీ సెంటర్లో తల్లులకు రోజూ చెప్పేదే. నీళ్ళలాంటి జావ గ్లాసుడు తాగిస్తే కడుపు నిండుతుంది, బలం ఉండదు. పిల్ల కడుపు చిన్నది, కిలోకు 30 మిల్లీలీటర్ల లెక్కన చూసుకోండి, ఏడు కిలోల పిల్లకు 210. అందులో నీళ్ళే పోస్తే ఇంకేం మిగిలింది?

ఆరు నుంచి ఎనిమిది నెలల్లో రోజుకు రెండు మూడు సార్లు, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో మూడు నాలుగు సార్లు సగం గిన్నె, మధ్యలో ఒకటి రెండు సార్లు పండో గుడ్డో. ఏడాది దాటితే ముప్పావు గిన్నె నుంచి గిన్నె నిండా. తల్లిపాలు రెండేళ్ళు, ఆ పైన కూడా.

బాలామృతం పొడి ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా ఇస్తాం, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు లడ్డూలు చేసుకుని తినేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందులో చక్కెర ఉంది కాబట్టి మళ్ళీ బెల్లం, చక్కెర కలపకండి. ఏడాది లోపు ఉప్పు కూడా వద్దు, తేనె అసలే వద్దు. నాలుకకు తేనె రాయడం మన దగ్గర ఆచారమే, కానీ అందులో ఉండే ఒక క్రిమి వల్ల పసిపిల్లల్లో కండరాలు చచ్చుబడి మింగలేని స్థితి కూడా వస్తుంది.

నకిరేకల్_తమ్ముడు

టీచరమ్మా, మాది చిన్న అనుమానం. మా ఊళ్ళో బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉంది. మరిగించి జావ కాస్తే పోతుంది కదా?

టీచరమ్మ_నాగర్‌కర్నూల్

పోదు నాయనా. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు పట్టుకుని వాటితోనే వండండి. నల్లగొండ జిల్లా వాళ్ళు ఈ విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే.

సిస్టర్_సూర్యాపేట

ఇంకొక మాట కలుపుతా. తల్లి తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉన్నా తల్లిపాలల్లోకి వచ్చేది చాలా తక్కువ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వడానికి మన జిల్లాలో ఇది ఇంకో కారణం. ఎండాకాలంలో కూడా ఆరు నెలల లోపు నీళ్ళు తాపనక్కర్లేదు, తల్లిపాలల్లో నూటికి 87 పాళ్ళు నీళ్ళే.

నకిరేకల్_తమ్ముడు

మా పాపకు రెండు నెలలు. పాలు తాగడం మొదలుపెట్టిన నిమిషానికే పొలమారుతుంది, వదిలేసి ఏడుస్తుంది, మళ్ళీ తాగుతుంది. తాగాక కొంచెం పెరుగులా కక్కుతుంది. బరువు బాగానే పెరుగుతోంది. మా అమ్మ మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటుంది. డాక్టరుకు చూపించాలా?

బత్తాయితోట

మా ఇంట్లో కూడా మాడు మీద తట్టడమే. మా అమ్మమ్మయితే ఎవరు తలుచుకున్నారో పేర్లు కూడా చెప్పేది.

మాట_ముద్ద

తమ్ముడూ, మొదటి నిమిషంలోనే పొలమారి తర్వాత బాగా తాగుతోందంటే చాలావరకు పాలు ఒక్కసారిగా చిమ్మడమే కారణం. మీ ఆవిడను వెనక్కి వాలి కూర్చుని, పాపను పైన ఆనించుకుని తాపమనండి, ధార తగ్గుతుంది. మొదట వచ్చే ధారను గుడ్డలోకి పోనిచ్చి తర్వాత పట్టినా సరే. తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా ఉంచండి. హాయిగా ఆడుకుంటూ, బరువు పెరుగుతూ కొంచెం కొంచెం కక్కే పిల్ల గురించి భయం వద్దు, ఏడాది లోపు చాలామందికి అదే తగ్గిపోతుంది. ఆకుపచ్చగా గానీ, రక్తంతో గానీ కక్కితే, దూరంగా చిమ్మినట్టు ప్రతిసారీ కక్కితే మాత్రం ఆ రోజే చూపించండి.

ఆలంపూర్_అక్క

అన్నీ "పర్వాలేదు, తగ్గిపోతుంది" అనే మాటలే వస్తున్నాయి కాబట్టి నా కూతురి సంగతి రాయాలనిపించింది. తనకు కూడా అందరూ తగ్గిపోతుందనే చెప్పారు. మూడు నెలల పిల్ల, ప్రతి పాలకూ దగ్గు, తాగేసరికి నలభై నిమిషాలు, నుదుటి మీద చెమట, తాగాక గొంతు తడిగా, నీళ్ళల్లోంచి మాట్లాడినట్టు. ఆరు నెలల్లో మూడుసార్లు నెమ్ము. ప్రతిసారీ యాంటీబయాటిక్ ఇచ్చి పంపారు, పాలు ఎలా తాగుతోందో ఒక్కరూ చూడలేదు. మూడోసారి ఒక పెద్ద డాక్టరు "నా ముందు తాపమ్మా" అన్నారు. చూసి, ఎక్స్‌రే కింద మింగుతుంటే వీడియో తీసే పరీక్ష రాశారు. అందులో కనిపించింది, పాలు కొంచెం కొంచెం గాలిగొట్టంలోకి పోతున్నాయి, దగ్గు వచ్చేది సగం సార్లే, మిగతా సగం చప్పుడే లేదు. కొన్ని నెలలు వాళ్ళు చెప్పిన చిక్కదనంతో, చెప్పిన పద్ధతిలో తాపాం, థెరపీ చేయించాం. ఇప్పుడు మూడేళ్ళు, పులిహోర అడిగి తింటుంది.

నా కోపమల్లా ఒక్కటే, పిల్లను చూశారు, పిల్ల తాగడాన్ని చూడలేదు. మీ బిడ్డ ప్రతిసారీ దగ్గుతుంటే, "నా బిడ్డ తాగుతుంటే ఒక్కసారి చూడండి" అని అడగండి. గట్టిగా అడగండి.

మిర్యాలగూడ_32వారాలు

అక్కా, చదివి ఏడుపొచ్చింది. ఫోన్లో వీడియో తీసుకుని వెళ్ళడం కూడా ఉపయోగమే, ఆసుపత్రిలో పిల్లలు తాగరు.

మాట_ముద్ద

ఆలంపూర్ అక్క రాసినవన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణాలే. వాటితో పాటు పాలు ముక్కులోంచి రావడం కూడా చూడండి. అంగిలిలో చీలిక ఉంటే అలా జరుగుతుంది, కొన్నిసార్లు పైకి పెదవి బాగానే ఉండి లోపల మాత్రమే చీలిక ఉంటుంది. తాగుతుంటే పెదాలు నీలంగా మారడం, బరువు ఆగిపోవడం, ఇవి కూడా. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే ఎదుగుదల లోపం), సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పడం) ఉన్న పిల్లలకు మొదటి నుంచే మింగడం మీద కన్నేసి ఉంచాలి.

ఎక్కడికి పోవాలో తెలియనివాళ్ళకు: 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లలకు ముందస్తు చికిత్సా కేంద్రాలు ఉంటాయి, వైద్యం ఉచితం. అంగన్‌వాడీకి వచ్చే ఆ బృందాన్ని అడిగితే రాసి పంపిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ ఉంది, అక్కడా చూస్తారు.

వనపర్తి_నాన్న

సిస్టర్ గారూ, ముక్క నిజంగా అడ్డం పడితే ఏం చేయాలో కూడా రాయండి. ఆ రోజు నాకు తెలియదు.

సిస్టర్_సూర్యాపేట

డోకు వచ్చే పిల్ల చప్పుడు చేస్తుంది, దగ్గుతుంది, మొహం ఎర్రబడుతుంది. అప్పుడు ఏమీ చేయకండి, పక్కనే ఉండి చూడండి, వేలు పెట్టకండి, కంగారుపడి ఎత్తి ఊపకండి. ఊపిరాడని పిల్ల చప్పుడు చేయదు. ఏడవలేదు, దగ్గలేదు, పెదాలు నీలంగా మారతాయి. ఈ తేడా తలలో ముద్ర పడాలి.

ఏడాది లోపు పిల్లయితే మీ ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉండేలా, దవడను పట్టుకుని, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు గట్టి దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదుసార్లు లోపలికి నొక్కాలి. ముక్క వచ్చేదాకా ఇవి ఒకదాని తర్వాత ఒకటి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. మాడు మీద తడితే ఏమీ రాదు, అందులో పోయే సమయం చాలా విలువైనది.

ద్రాక్ష, పుట్నాలు, శనగలు, పచ్చి క్యారెట్ ముక్క, ఆపిల్ ముక్క, చాక్లెట్, ఇవన్నీ పల్లీ లాంటివే. మన వైపు సీతాఫలం సీజన్లో గింజలతో సహా గుజ్జు తీసి చంటిపిల్ల నోట్లో పెడతారు, గింజ నున్నగా జారిపోతుంది. గింజ తీసేసి గుజ్జు మెదిపి పెట్టండి, దానంత తియ్యటిది పిల్లకు ఇంకోటి లేదు.

జడ్చర్ల_చిన్ని

ఇవన్నీ రాత్రి అత్తమ్మకు చదివి వినిపించాను. డోకుకూ ఊపిరాడకపోవడానికీ తేడా రెండుసార్లు చదివించుకుంది. వనపర్తి అన్న రాసింది విని లేచి వెళ్ళి, వంటింట్లో కింద డబ్బాలో ఉన్న పల్లీలు తీసి పై అరలో పెట్టింది.

బత్తాయితోట

మంచి అత్తమ్మ. ఏమైందో మళ్ళీ రాయి.

జడ్చర్ల_చిన్ని

ఇరవై ఐదు రోజులైంది, రాయమన్నారు కాబట్టి రాస్తున్నా. పిల్లల డాక్టరుకు చూపించాం. నోరు, అంగిలి, నాలుక చూశారు, తన ముందే తినిపించమన్నారు, అలా చూడమని నేనే అడిగాను (ఆలంపూర్ అక్కా, మీ మాట గుర్తొచ్చింది). లోపం ఏమీ లేదన్నారు, ఇనుము చుక్కలు కొనసాగించమన్నారు. బరువు 7.4 కిలోలు.

మొదటి వారం బొమ్మలతోనే. రబ్బరు ఏనుగు తొండం ఎప్పుడూ నోట్లోనే ఉంటుంది. రెండో వారం చిక్కటి ఉగ్గు. మిక్సీ ఒక చుట్టు తక్కువ తిప్పిన రోజు మళ్ళీ కక్కింది, నాకు ఏడుపొచ్చి రెండు రోజులు వెనక్కి పోయాం, తర్వాత మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు గరిటెతో మెదిపిన పప్పన్నం నెయ్యి వేసి పెడితే ఆరేడు ముద్దలు తింటుంది, డోకు రోజుకు ఒకటి రెండుసార్లే.

నిన్న సాయంత్రం ఉడికిన కందగడ్డ నిలువు ముక్క చేతికిచ్చాను. కొస కొరికింది, డోకు వచ్చింది, మొహం ఎర్రబడింది. అత్తమ్మ చెయ్యి లేచింది, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. పాప ఆ ముక్కను నాలుకతో బయటకు తోసి, అరచేతిలో పడ్డదాన్ని కాసేపు చూసి, మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

దేవరకొండ_నాయనమ్మ

కందగడ్డ మా చేలోది ఉంది బిడ్డా, జడ్చర్ల మీదుగా మా అబ్బాయి వెళ్తాడు, పంపిస్తా. ఎంత పొడుగు ముక్కలు కోయాలో రాయి, మా చిన్న మనవరాలికి కూడా ఏడో నెల వచ్చింది.

మాట_ముద్ద

నాయనమ్మా, మీ చూపుడువేలంత. పిడికిట్లో పట్టుకుంటే పైన కొంచెం బయటకు రావాలి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలిగిపోయేంత ఉడకాలి. పిల్లను కూర్చోబెట్టి ఇవ్వండి.

దేవరకొండ_నాయనమ్మ

కూర్చోబెట్టే ఇస్తానమ్మా.